గాయం మానింది... మరి భయం?

బకెట్టులో కుళాయి నీళ్ళు పడుతున్న చప్పుడు వినబడితే చాలు, మా చిన్నది ఇంట్లో ఎక్కడున్నా సరే, రెండు చెవులూ మూసుకుని మంచం కిందకి దూరిపోయేది. అప్పటికి దానికి ఏడేళ్ళు. కట్లు విప్పేసి, "ఇంకేం ఫర్వాలేదమ్మా, కొత్త చర్మం చక్కగా వచ్చేసింది" అని డాక్టరుగారు చెప్పి నెల దాటిపోయింది. మందులు ఆపేశాం. బడికి పంపిస్తున్నాం. అయినా స్నానం మాట ఎత్తితే ఇల్లు పీకి పందిరేసేది. గాయం మానిపోయాక ఇంకా ఈ మొండితనం ఏమిటని విసుక్కునేదాన్ని. ఒకరోజు ఓపిక నశించి వీపు మీద ఒక్కటి వేశాను కూడా.

ఆ దెబ్బ తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. అది మొండితనం కాదనీ, దానికి వైద్యశాస్త్రంలో ఒక పేరుందనీ, వైద్యం కూడా ఉందనీ నాకు తెలిసేసరికి నాలుగు నెలలు గడిచిపోయాయి. పిల్లలున్న ఇంట్లో పడటం, కాలడం, దెబ్బలు తగలడం ఎవరికీ తప్పవు. మరో తల్లికి నాలాగా నాలుగు నెలలు పట్టకూడదనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఆ భోగినాడు

2023 సంక్రాంతికి మా ఆడపడుచు పిల్లలతో సహా మా ఇంటికి వచ్చింది. భోగినాడు తెల్లవారుజామునే పిల్లలందరికీ తలంట్లు మొదలుపెట్టాం. అంతమందికి గీజరు నీళ్ళు చాలవని ఒక పెద్ద గిన్నెతో గ్యాసు మీద నీళ్ళు పడేశాను. మరిగిన నీళ్ళ గిన్నెని మసిగుడ్డలతో పట్టుకుని బాత్‌రూమ్ వైపు నడుస్తున్నాను. "అమ్మా! నా పిడకలదండ అన్నయ్య మంటలో వేసేశాడు!" అని అరుస్తూ మా చిన్నది వాకిట్లోంచి పరిగెత్తుకొచ్చింది. వంటింటి గుమ్మం దగ్గర ఇద్దరం ఢీకొన్నాం. అంతే!

ఎడమ చెయ్యి, పొట్ట, తొడ కాలాయి. పక్కింటి పిన్నిగారు టూత్‌పేస్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. మావారు అది పూయనివ్వకుండా పిల్లని ఎత్తుకెళ్ళి కుళాయి కింద కూర్చోబెట్టి, ఇరవై నిమిషాలపాటు చన్నీళ్ళు కాలినచోట పడేలా పట్టుకున్నారు. ఆ పని మంచిదే అయిందనీ, కాలినచోట ఐసుగడ్డ, పేస్టు, సిరా, పసుపు లాంటివేవీ పెట్టకూడదనీ తర్వాత డాక్టర్లు చెప్పారు. కాని ఆ ఇరవై నిమిషాలూ పిల్ల పెట్టిన కేకలు ఆ కుళాయి చప్పుడులో కలిసిపోయాయి. ఆ సంగతి నాకు చాలా రోజులకి గాని వెలగలేదు.

ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాం. రోజు విడిచి రోజు కట్టు మార్చేవాళ్ళు. "మీరు ఎదురుగా ఉంటే ఇంకా గారాలు పోతుంది, బయట నిలబడండమ్మా" అని నన్ను పంపేసి తలుపు వేసేవారు. లోపల్నుంచి అది "అమ్మా, అమ్మా" అని పిలుస్తుంటే బయట బెంచీ మీద కూర్చుని నేను చెవులు మూసుకునేదాన్ని.

ఇంటికి వచ్చాక...

మొదటి పది రోజులూ నిద్రలో ఉలిక్కిపడి లేచి ఏడ్చేది. పిల్ల జడుసుకుంది, సహజమే కదా అనుకున్నాం. ఆ తర్వాత ఒక్కొక్కటీ బయటపడసాగాయి. ఎప్పుడో మూడేళ్ళప్పుడే పక్క తడపడం మానేసిన పిల్ల మళ్ళీ తడపడం మొదలుపెట్టింది. వంటింటి గడప తొక్కేది కాదు. మంచినీళ్ళు కావలసినా హాల్లోంచే అరిచేది. కుక్కరు కూత వేస్తే వణికిపోయేది. నేను కాసేపు కనబడకపోతే ఇల్లంతా వెతుక్కునేది. అయినదానికీ కానిదానికీ అన్నయ్య మీద విరుచుకుపడేది. "ఈ మధ్య పాఠం వినడం లేదండీ, కిటికీలోంచి చూస్తూ ఉండిపోతోంది" అని బళ్ళోంచి టీచరు కబురు పెట్టారు.

అన్నిటికంటే నాకు చిరాకు తెప్పించింది దాని ఆట. బొమ్మని ఒళ్ళో పడుకోబెట్టుకునేది. ఉత్త గ్లాసుతో దాని మీద నీళ్ళు పోసినట్టు పోసేది. "కాలింది, కాలింది" అంటూ గుడ్డపీలిక చుట్టేది. విప్పేది. మళ్ళీ పోసేది. రోజూ అదే ఆట. అందులో ఒక నవ్వు లేదు, ఒక మార్పు లేదు. "ఇదేం పాడు ఆటే!" అని మా అత్తగారు ఆ బొమ్మని అటక మీద పడేశారు.

మాకు తోచినవన్నీ చేశాం. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీశాం. ఆంజనేయస్వామి గుళ్ళో తాయెత్తు కట్టించాం. వాటివల్ల నష్టమేమీ లేదు. మా అత్తగారు ఒళ్ళో కూర్చోబెట్టుకుని దండకం చదువుతూ వీపు నిమురుతుంటే ఆ కాసేపూ పిల్ల నెమ్మదించేది కూడా. నష్టమల్లా మేం అక్కడితో ఆగిపోవడంవల్ల వచ్చింది.

చివరికి పక్క తడపడం చూసి, మూత్రంలో ఏదైనా దోషం ఉందేమోనని పిల్లల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. ఆయన పిల్ల చేతి మీద మచ్చ చూసి, "ఇది ఎప్పుడు జరిగింది? దీనికి ముందు పక్క తడిపేదా?" అని అడిగారు. అన్నీ విని, పిల్లల మానసిక వైద్యురాలికి ఒక చీటీ రాసిచ్చారు.

ఆ చీటీ చూసి ఇంట్లో పెద్ద రభసే జరిగింది. "పిచ్చి డాక్టరు దగ్గరికా? ఆడపిల్ల! నలుగురికీ తెలిస్తే రేపు ఎవరు చేసుకుంటారు?" అని మా అత్తగారు. "కొన్నాళ్ళు పోతే అదే మర్చిపోతుంది" అని మావారు. పది రోజులు ఆ చీటీ నా బీరువాలోనే ఉండిపోయింది. పిల్లని కొట్టింది ఆ పది రోజుల్లోనే. కొట్టిన మర్నాడు చీటీ తీసుకుని బయల్దేరాను.

పాలవాడొచ్చినా మొరిగే కుక్క

ఆ వైద్యురాలు ముందు నాతో కాదు, పిల్లతో మాట్లాడారు. "నీ లోపల ఒక కాపలా కుక్క ఉంది తల్లీ. ఆ రోజు నిజంగా దొంగ వచ్చాడు. మొరిగింది. మంచి కుక్కే. కాని ఆ రోజు నుంచి పాలవాడొచ్చినా, పేపరబ్బాయొచ్చినా అలాగే మొరుగుతోంది. దొంగ ఎవరో పాలవాడెవరో మనిద్దరం దానికి నేర్పుదామా?" అన్నారు. పిల్ల మొదటిసారి తలెత్తి చూసింది.

తర్వాత నాకు విడమరిచి చెప్పారు. మామూలు జ్ఞాపకానికి కథలాగా ఒక మొదలు, ఒక చివర ఉంటాయి. అది "అప్పుడెప్పుడో జరిగింది" అని మనసుకి తెలుస్తుంది. ప్రాణం పోతుందన్నంత భయంలో పడిన జ్ఞాపకం అలా కుదురుకోదు. చప్పుడు ఒక ముక్క, వాసన ఒక ముక్క, మంట ఒక ముక్కగా ఉండిపోతుంది. ఆ చప్పుడు మళ్ళీ వినబడితే పిల్లకి ఆ రోజు గుర్తుకు రావడం కాదు, ఆ రోజు మళ్ళీ జరుగుతున్నట్టే ఉంటుంది. అందుకే చెవులు మూసుకోవడం, మంచం కింద దూరడం. అంత చిన్న ప్రాణానికి అంతకంటే వేరే దారి తోచదు.

దీన్నే పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, పొట్టిగా పి.టి.ఎస్.డి. అంటారు. ఘోరమైన అనుభవం తర్వాత మనసుకి పట్టుకునే బాధ. దీని లక్షణాలు నాలుగు రకాలు. జరిగినది కలల్లోనో ఆటల్లోనో పదేపదే తిరిగి రావడం ఒకటి. దాన్ని గుర్తుచేసే చోట్లనీ, మనుషుల్నీ, మాటల్నీ తప్పించుకోవడం రెండోది. ఉత్సాహం పోయి, "అంతా నావల్లే", "మళ్ళీ జరుగుతుంది" లాంటి ఆలోచనలు పాతుకుపోవడం మూడోది. నిద్ర పట్టకపోవడం, ఉలికిపాటు, చిరాకు, చదువు మీద ధ్యాస లేకపోవడం నాలుగోది. ఇవి నెల దాటినా తగ్గకుండా, పిల్ల చదువుకీ ఆటకీ అడ్డుపడుతుంటే అప్పుడు దాన్ని జబ్బుగా లెక్కించాలి.

పిల్లలకి గుర్తుండదా?

"పసివాళ్ళకేం తెలుస్తుంది, ఇట్టే మర్చిపోతారు" అని మనం అనుకోవడంలో వింత లేదు. డాక్టర్లు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు. అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో మొదటిసారి ఈ జబ్బుని తమ జాబితాలో చేర్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికుల అవస్థలు అందుకు ముఖ్యమైన కారణం. అప్పట్లో చూపంతా పెద్దవాళ్ళ మీదే.

పిల్లల సంగతి బయటపెట్టిన వాళ్ళలో లెనోర్ టెర్ అనే వైద్యురాలు ముఖ్యురాలు. 1976లో కాలిఫోర్నియాలోని చౌచిల్లా అనే ఊళ్ళో 26 మంది బడిపిల్లల్ని బస్సు డ్రైవరుతో సహా దుండగులు ఎత్తుకుపోయి, భూమిలో పాతిన లారీ పెట్టెలో దాచారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. అది ప్రమాదం కాదు, నేరమే. కాని పిల్లల మనసు ఎలా దెబ్బతింటుందో ఆ పిల్లల్ని చూసే లోకానికి తెలిసింది. నాలుగేళ్ళ తర్వాత టెర్ వెళ్ళి చూస్తే, ఆ భయం జాడలు లేని పిల్ల ఒక్కరూ లేరు. జరిగినదాన్నే నవ్వూ సంతోషం లేకుండా మళ్ళీ మళ్ళీ ఆడుకోవడం కూడా ఆమె గమనించింది. అది చదివినప్పుడు అటక మీద పడేసిన మా బొమ్మ గుర్తొచ్చింది. 2013లో ఆరేళ్ళు, అంతకంటే చిన్నపిల్లలకి ఈ జబ్బుని గుర్తుపట్టే పద్ధతిని విడిగా ఇచ్చారు. అంటే మాటలు సరిగా రాని పిల్లల్నీ ఇది వదలదన్నమాట.

అలాగని దెబ్బ తగిలిన ప్రతి పిల్లకీ ఇది వస్తుందని హడలిపోనక్కర్లేదు. రకరకాల దుర్ఘటనలకి గురైన 3,500 మందికి పైగా పిల్లల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2014లో లెక్క చూస్తే, వందలో సుమారు 16 మందికి ఇది వచ్చింది. మనిషి చేసిన హింసకి కాక ప్రమాదాల్లాంటి వాటికి గురైన పిల్లల్లో అయితే వందలో పదిమందికి దగ్గర. మొదటి కొద్ది వారాలూ చాలామంది పిల్లలు భయపడతారు, వాళ్ళలో ఎక్కువమంది ఇంట్లోవాళ్ళ ఆదరణతోనే తేరుకుంటారు. తేరుకోని ఆ కొద్దిమందిని గుర్తుపట్టడమే మన పని.

కింది వాటాలో బాబు

గుర్తుపట్టడం ఎందుకు కష్టమో మా కింది వాటాలో ఉండే పదేళ్ళ బాబు సంగతి చెబితే మీకే తెలుస్తుంది. వాళ్ళ నాన్న స్కూటరు మీద బడికి తీసుకెళ్తుంటే వెనకనుంచి ఆటో గుద్దింది. తండ్రికి కాలు విరిగింది. బాబుకి మోచేయి గీరుకుపోయింది, అంతే. "పిల్లవాడు అదృష్టవంతుడు" అని అందరం సంతోషించాం.

ఆ తర్వాత ఆ బాబు మా పాపలాగా ఏడవలేదు, అరవలేదు. నెమ్మదస్తుడైపోయాడు. ఎండలో అయినా బడికి నడిచే వెళ్ళేవాడు. బండి ఎక్కమంటే కడుపునొప్పి అనేవాడు. సాయంత్రం క్రికెట్‌కి పిలవడానికి పిల్లలొస్తే హోంవర్కు ఉందనేవాడు. "యాక్సిడెంటయ్యాక మావాడికి బుద్ధొచ్చిందండీ" అని వాళ్ళమ్మ మురిసిపోయేది. నేనూ నిజమే అనుకున్నాను.

మా పాప వైద్యం మొదలయ్యాక నాకు అనుమానం వచ్చి ఆవిడతో చెప్పాను. తర్వాత తెలిసిందేమిటంటే, గుద్దుకోగానే తండ్రి స్పృహ తప్పి రోడ్డు మీద పడున్నాడు. మనుషులు చేరి లేపేదాకా ఆ నాలుగైదు నిమిషాలూ, నాన్న చచ్చిపోయాడనే ఆ పసివాడు అనుకున్నాడు. ఆ మాట ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు. పైగా "మగపిల్లాడివి, భయమేమిట్రా" అని అందరం వాడికి ధైర్యం నూరిపోశాం.

ఇది ఆ ఒక్క బాబు సంగతే కాదు. గాయం ఎంత పెద్దదన్న దాన్నిబట్టి ఈ భయం రాదని వైద్యులు చెబుతారు. "నేను చచ్చిపోతాను", "అమ్మ చచ్చిపోయింది" అని ఆ క్షణంలో పిల్ల ఎంతగా నమ్మిందన్నదే ముఖ్యం. కాబట్టి ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టి ధైర్యం తెచ్చుకోకూడదు. అలాగే అల్లరి చేసే పిల్లనే కాదు, ఉన్నట్టుండి బుద్ధిమంతుడైపోయిన పిల్లవాణ్ణీ ఓ కంట కనిపెట్టాలి.

"సారీ అమ్మా"

మా పాపకి జరిగింది మాటలతో చేసే వైద్యమే. ఒక్క మాత్ర కూడా వాడలేదు. ట్రామా ఫోకస్డ్ కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అని దానికి పెద్ద పేరుంది. బ్రిటన్‌లో 2018లో వచ్చిన వైద్య మార్గదర్శకాలు కూడా పిల్లల విషయంలో ఈ పద్ధతినే సూచించాయి, పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి ఈ జబ్బుకని మందులు ఇవ్వవద్దన్నాయి. వారానికొకసారి చొప్పున మేం పన్నెండు వారాలు వెళ్ళాం.

మొదట భయం వేసినప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పారు. మల్లెపువ్వు వాసన చూసినట్టు నెమ్మదిగా పీల్చడం, సబ్బుబుడగ పగలకుండా ఊదినట్టు నెమ్మదిగా వదలడం. ఆ తర్వాత ఆ రోజు జరిగినదాన్ని బొమ్మలు గీసి పుస్తకంగా చెయ్యమన్నారు. రోజుకింత, దానికి ఓపిక ఉన్నంతే. భోగిమంట గీసింది. గుమ్మం గీసింది. ఆసుపత్రి తలుపు గీసింది.

నాలుగో వారం ఒక కాగితం నిండా నన్ను గీసింది. నా కళ్ళలోంచి కాగితం అంచుదాకా కన్నీళ్ళు. ఓ మూల వేలెడంత తను. కింద "సారీ అమ్మా" అని రాసుంది.

"ఎందుకు తల్లీ సారీ?" అని ఆవిడ అడిగారు.

"నేను పరిగెత్తాను కదా, అందుకే కాలింది. అందుకే అమ్మ రోజూ ఏడుస్తుంది. నేను చెబితే ఇంకా ఏడుస్తుంది" అంది.

నేను ఆ గదిలోనే ఉన్నాను. నాలుగు నెలలుగా తప్పు నాదని నేను లోలోపల కుమిలిపోతున్నాను. పిల్ల కాలిన సంగతి ఎత్తితే చాలు, నా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. "ఆ మాట ఎత్తకు, మర్చిపో" అని దాని నోరు మూసేదాన్ని. దానికి మంచిదనే అనుకున్నాను. అదేమో నన్ను ఏడిపించకూడదని నోరు కట్టుకుంది. కథలు రాస్తాను కదా, మనుషుల మనసులో మాట నాకు తెలుసని ఎక్కడో ఒక గర్వం ఉండేది. నా పక్కలో పడుకునే పిల్ల మనసులో మాట నాకు తెలియలేదు.

ఆ రోజు దాన్ని ఒళ్ళోకి తీసుకుని చెప్పాను. "నువ్వు చిన్నపిల్లవి నాన్నా, పరిగెత్తుతావు. వేణ్ణీళ్ళు పట్టుకున్నప్పుడు దారి చూసుకోవలసింది పెద్దదాన్ని నేను. నీ తప్పు ఏమీ లేదు. నేను ఏడ్చినా ఫర్వాలేదు, నువ్వు చెప్పు. నేను వింటాను." ఆ మాట చెప్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. వైద్యంలో సగం అక్కడే జరిగిందని నా నమ్మకం.

తర్వాత మెట్లు మెట్లుగా భయం దగ్గరికి నడిపించారు. ఖాళీ బకెట్టుతో ఆట మొదటి మెట్టు. చన్నీళ్ళ మగ్గులో వేళ్ళు ముంచడం రెండోది. దూరంగా కుళాయి చప్పుడు వినడం మూడోది. తన చేత్తోనే కుళాయి తిప్పి ఆపడం నాలుగోది. ప్రతి మెట్టు దగ్గరా తన భయానికి పదికి ఎన్ని మార్కులో తనే వేసేది. ఎనిమిది వేసిన మెట్టు మీదే నిలబడి, అది మూడుకి దిగేదాకా తర్వాత మెట్టు ఎక్కలేదు. బలవంతంగా తీసుకెళ్ళి నీళ్ళు గుమ్మరించడానికీ దీనికీ ఎంత తేడా!

ఇంట్లో మనమేం చేయాలి?

వైద్యుల దగ్గర తెలుసుకున్నవీ, నా తప్పులవల్ల నేర్చుకున్నవీ కలిపి చెబుతున్నాను.

పిల్ల జరిగినదాని గురించి మాట్లాడబోతే "ఆ మాట వదిలెయ్" అనకండి. అలాగని కూర్చోబెట్టి "చెప్పు, చెప్పు" అని తవ్వి తీయనూ వద్దు. ప్రమాదం జరిగిన వెంటనే ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించేస్తే మేలు జరుగుతుందన్న పాత నమ్మకం పరీక్షలకి నిలవలేదు. అది చెప్పదలచినప్పుడు మీరు పని ఆపి వినండి, అంతే.

జరిగినదాన్ని నిజంగా, చిన్నచిన్న మాటల్లో చెప్పండి. "ఏం కాలేదు, చీమ కుట్టినట్టే ఉంటుంది" అని అబద్ధం చెప్పి కట్టు మార్చే గదిలోకి పంపకండి. "కాసేపు నొప్పి పుడుతుంది, నేను పక్కనే ఉంటాను, పది లెక్కపెడదాం" అని చెప్పండి. పక్కన ఉండనివ్వమని ఆసుపత్రి వాళ్ళని మర్యాదగానే, గట్టిగా అడగండి. తల్లి నిబ్బరంగా చెయ్యి పట్టుకుని కూర్చుంటే అది పిల్లకి పెద్ద ఊతం. నేను అడగలేదు. ఇప్పుడైతే అడుగుతాను.

నిద్ర, తిండి, బడి, ఆట వీలైనంత త్వరగా మామూలు వేళలకి తీసుకురండి. రోజు ఎలా గడుస్తుందో ముందే తెలిస్తే పిల్లకి కాళ్ళ కింద నేల ఉన్నట్టుంటుంది. కొన్నాళ్ళు దీపం వేసుకుని పడుకుంటానంటే పడుకోనివ్వండి. పక్క తడిపితే దుప్పటి మార్చండి, నలుగురిలో దాని మాట ఎత్తకండి.

చూడవచ్చిన చుట్టాల ముందు గౌను పైకెత్తి మచ్చ చూపించకండి. "ఆడపిల్ల కదా, మచ్చ ఉండిపోతుందేమో" అని మా ఇంట్లో పిల్ల ఎదురుగానే ఎంతమంది అన్నారో! ఆ ఒళ్ళు దానిది. చూపించాలా వద్దా అన్నది దాని ఇష్టం.

"నీవల్లే కదా", "చెబితే విన్నావా" అనకండి. మీరు అనకపోయినా పిల్ల లోపల అనుకుంటూ ఉండవచ్చు. అది తప్పని మీ నోటితో వినిపించండి. దెబ్బ తగిలింది ఒకరికే అయినా, చూసిన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ కూడా జడుసుకుంటారు. పిడకలదండ వేసినందుకే చెల్లికి కాలిందని మావాడు ఎన్నాళ్ళు బాధపడ్డాడో! వాళ్ళనీ పలకరించండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. తల్లిదండ్రుల దిగులు పిల్లలకి అంటుకుంటుంది. తల్లీ తండ్రీ కుదుటపడని ఇంట్లో పిల్ల కుదుటపడటం కష్టం. మీకు నిద్ర పట్టకపోతే, ఆ దృశ్యమే కళ్ళ ముందు ఆడుతుంటే మీరూ సాయం అడగండి. అందులో నామోషీ లేదు.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి?

నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, అదే ఆట, చోట్లని తప్పించుకోవడం, పక్క తడపడం తగ్గకపోతే ఆలస్యం చేయకండి. బడి మానేస్తున్నా, తిండి మానేస్తున్నా, "నేను చచ్చిపోతే బాగుండేది" లాంటి మాట వచ్చినా నెల కోసం కూడా చూడొద్దు. మీ పిల్లల డాక్టరుతోనే మొదలుపెట్టవచ్చు. ప్రమాదం సంగతి మీరే గుర్తుచేసి చెప్పండి. కడుపునొప్పి, తలనొప్పి అని తీసుకెళ్తే దెబ్బ మాట ఎవరికీ గుర్తురాదు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. దారి తెలియకపోతే 14416కి ఫోను చేయండి. టెలి మానస్ పేరుతో కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. రాత్రీ పగలూ ఉంటుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు.

మా అత్తగారి మాట కూడా చెప్పాలి. అయిదో వారం నాకు జ్వరమొస్తే పిల్లని ఆవిడే తీసుకెళ్ళారు. తిరిగొచ్చి ఏమీ మాట్లాడకుండా నిచ్చెన వేయించి, అటక మీది బొమ్మని దింపి, దుమ్ము దులిపి దాని చేతికిచ్చారు.

మళ్ళీ భోగి

2024 భోగి ఇంకా వారం ఉందనగా పీడకలలు మళ్ళీ మొదలయ్యాయి. ఏడాది తిరిగి ఆ రోజు వచ్చేసరికి ఇలా అవుతుందని వైద్యురాలు ముందే హెచ్చరించారు కాబట్టి కంగారు పడలేదు. ఆ ఏడాది దానికి తలంటు పెట్టలేదు, గోరువెచ్చని గుడ్డతో ఒళ్ళు తుడిచి కొత్తబట్టలు వేశాను. రెండు వారాల్లో సర్దుకుంది.

2025 భోగినాడు తెల్లవారుజామున తనే లేచి వచ్చింది. మా ఇంట్లో ఇప్పుడు మరిగిన నీళ్ళు చేత్తో పట్టుకుని నడవడం లేదు. గీజరు నీళ్ళతో ఒక్కొక్కరికీ ఎంతసేపైనా సరే, ఆగుతాం. బకెట్టులో ముందు చన్నీళ్ళు పట్టి, తర్వాత వేణ్ణీళ్ళు కలపాలి. ఆ పని తను చేస్తానంది. చన్నీళ్ళ కుళాయి తిప్పింది. చప్పుడు మొదలైంది. నా ఊపిరి ఆగింది. అది ఒకసారి మల్లెపువ్వు వాసన చూసినట్టు గాలి పీల్చుకుని, వదిలి, వేణ్ణీళ్ళ కుళాయి కూడా తిప్పింది. మోచేయి ముంచి చూసి, "సరిపోయిందమ్మా" అంది.

తలంటు అయ్యాక తడిజుట్టుతోనే వాకిట్లోకి పరిగెత్తింది. నడు, పరిగెత్తకు అనబోయి ఆగిపోయాను. పిడకలదండ ఈసారి తనే వేసింది.